మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కి, అదే రోజు పొద్దున దిగాం

టికెట్ కాగితం చూడగానే తప్పు పడిందనుకున్నాను. హాంకాంగ్‌లో జనవరి 19, శనివారం మధ్యాహ్నం 1.05కి విమానం బయల్దేరుతుందట. శాన్‌ఫ్రాన్సిస్కోలో జనవరి 19, శనివారం ఉదయం 9.25కి చేరుతుందట. సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషిని, అంకెల్లో తేడా కనపడితే ఊరుకోలేను. చొక్కా తగిలించుకుని మా గుంటూరు అరండల్‌పేటలో ట్రావెల్స్ కుర్రాడి దగ్గరికి పోయి, "బాబూ, తేదీ తప్పు కొట్టారు, 20 పడాలి" అన్నాను. అతను కంప్యూటర్ మీంచి తలైనా ఎత్తకుండా, "కరెక్టే బాబాయ్ గారూ, పెద్దవాళ్లందరూ ఇదే అడుగుతారు" అన్నాడు. కింద ప్రయాణ సమయం 12 గంటల 20 నిమిషాలని కూడా ఉంది. పన్నెండు గంటలు ఎగిరి, ఎక్కిన టైముకంటే మూడు గంటల నలభై నిమిషాలు ముందు దిగడమేమిటి? శంకర్ విలాస్ సెంటర్ దాటి ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

ఇది 2019 సంగతి. మా అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటారు. నేనూ మా ఆవిడా మొదటిసారి వెళ్తున్నాం. రెండో తరగతి చదివే మనవడు వీడియో కాల్‌లో ఒకటే ప్రశ్న: "తాతయ్యా, మీ ఇంటి నుంచి మా ఇంటికి ఎన్ని కిలోమీటర్లు?" ఫోన్లో చూసి చెప్పేయొచ్చు. కానీ జీవితమంతా పొలాలు కొలిచినవాడు ఇంకొకడు కొలిచిన అంకె అప్పజెప్పడమేమిటని రోషం వచ్చింది. "నేనే కొలిచి తెస్తా ఉండరా" అన్నాను.

అసలు మా ఉద్యోగంలో భూమి బల్లపరుపు. తెనాలి, పొన్నూరు, రేపల్లె వైపు మాగాణుల్లో గట్లు పట్టుకుని తిరిగేటప్పుడు భూమి గుండ్రంగా ఉందన్న సంగతితో మాకు పనే లేదు. మైలు దూరానికి వంపు ఎనిమిది అంగుళాలు. ఎకరం చెక్క కొలిచేచోట అది లెక్కలోకి రాదు. మా ఆయుధం గొలుసు. 66 అడుగులు, వంద లింకులు, పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. దాన్ని గంటర్ చైను అంటారు. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లండు గణిత పండితుడు తయారుచేశాడు. ట్రైనింగులో మా బ్యాచ్‌లో ఒకడు అది గుంటూరులో తయారయ్యే గొలుసు కాబట్టి ఆ పేరు వచ్చిందని చాన్నాళ్లు నమ్మాడు. ఎవడా ఒకడని అడక్కండి.

సముద్రం మీద గొలుసు పరవలేం కదా. బ్రాడీపేటలో ఒక గ్లోబు కొన్నాను, పిల్లలు బల్ల మీద పెట్టుకునేది. అడ్డకొలత 20 సెంటీమీటర్లు. అంటే చుట్టుకొలత 62.8. అసలు భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. ఇది గుర్తుపెట్టుకోవడం తేలిక, ఎందుకంటే ఫ్రెంచివాళ్లు మీటరుని పుట్టించిందే అలాగ. ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు ఒక మీటరు అనుకున్నారు. కాబట్టి నా గ్లోబు మీద సెంటీమీటరుకి 637 కిలోమీటర్లు. మా ఆవిడ జాకెట్లు కుట్టుకునే దారం తీసుకుని హాంకాంగ్ మీద ఒక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒక కొస బిగించి పట్టుకున్నాను.

అక్కడ మొదటి ఆశ్చర్యం. గోడకి తగిలించే పటంలో ఆ రెండు ఊళ్ల మధ్య గీత గీస్తే పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలోంచి పోతుంది. గ్లోబు మీద దారం బిగిస్తే మాత్రం అది జారుకుంటూ ఉత్తరానికి పోయి జపాన్‌ని ఆనుకుని, అలాస్కా తోకలా ఉండే అల్యూషియన్ దీవుల దగ్గర దాకా ఎక్కి, మళ్లీ కిందికి దిగింది. వేలితో కిందికి నెడితే వదులైపోతోంది, వదిలేస్తే మళ్లీ పైకే పోతోంది. గుండ్రటి దాని మీద దగ్గర దారి అదే. దాన్ని మహావృత్తం అంటారని చదివాను గానీ చేత్తో పట్టుకుని చూడ్డం అదే మొదలు.

దారం కొలత 17.5 సెంటీమీటర్లు. అంటే దాదాపు 11,150 కిలోమీటర్లు. అయితే గ్లోబు మీద ఒక్క మిల్లీమీటరు తప్పితే 64 కిలోమీటర్ల తేడా వస్తుంది, అంటే గుంటూరు నుంచి బెజవాడ వెళ్లి వచ్చినంత. నా చూపు ఇప్పుడు మిల్లీమీటర్లు చూసేంత గొప్పగా లేదు. అందుకని అటక మీంచి లాగరిథం పుస్తకం దింపాను.

లెక్క పెద్ద కష్టం కాదు. హాంకాంగ్ విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 22.3 డిగ్రీలు, శాన్‌ఫ్రాన్సిస్కోది 37.6. ఇది తూర్పు రేఖాంశం 113.9 దగ్గరుంటే అది పశ్చిమం 122.4 దగ్గరుంది, కాబట్టి పసిఫిక్ మీదుగా రెంటికీ మధ్య ఎడం 123.7 డిగ్రీలు. అక్షాంశాల సైన్‌లు రెండూ గుణించి పక్కన పెట్టుకోవాలి. కొసైన్‌లు రెండూ గుణించి, దాన్ని రేఖాంశాల ఎడం కొసైన్‌తో గుణించాలి. రెండూ కలిపితే భూమి నడిబొడ్డు దగ్గర ఆ రెండు ఊళ్లు చేసే కోణానికి కొసైన్ వస్తుంది. నాకు కోణం 100 డిగ్రీల మీద పిసరంత వచ్చింది. ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, మైలుకి 1,852 మీటర్లు. మొత్తం 11,130 కిలోమీటర్లు తేలింది. జాకెట్టు దారానికీ లాగరిథం పుస్తకానికీ తేడా 20 కిలోమీటర్లే! ఆ పూట మా ఆవిడకి ఈ సంగతి మూడుసార్లు చెప్పాను.

సరదాకి, గోడ పటంలో గీసిన తిన్నటి గీత వెంట పోతే ఎంతవుతుందో కూడా కట్టాను. దాదాపు 11,980 వచ్చింది. 850 కిలోమీటర్లు ఎక్కువ. రైల్లో బెజవాడ నుంచి విశాఖ వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ రాజమండ్రి దాకా పోయినంత దూరం. కళ్లకి తిన్నగా కనిపించే దారికి ఇంత జరిమానా ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇక తేదీ సంగతి. 15 డిగ్రీలకి ఒక గంట అన్నది చిన్నప్పటి పాఠమే. చలికాలంలో హాంకాంగ్ గడియారం శాన్‌ఫ్రాన్సిస్కో కంటే 16 గంటలు ముందుంటుంది. మనం 12 గంటలు ఎగురుతాం, గడియారం 16 గంటలు వెనక్కి తిప్పుకుంటాం. నాలుగు గంటల లాభం. ట్రావెల్స్ కుర్రాడిదే రైటు.

కనుమ నాడు కాకి కూడా కదలదు కాబట్టి పండగ నాలుగు రోజులూ అయ్యాక జనవరి 18, శుక్రవారం పదకొండింటికి గుంటూరులో కారెక్కాం. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా శంషాబాద్. 275 కిలోమీటర్లకి, మధ్యలో భోజనంతో కలిపి, ఏడు గంటలు పట్టింది. రాత్రి పదకొండున్నరకి హైదరాబాద్ విమానం, ఐదు గంటల్లో హాంకాంగ్. ఆ దూరం 3,750 కిలోమీటర్లు. అక్కడ ఆరు గంటలు కుర్చీల్లో కూర్చున్నాం. దీని గురించి చెప్పేదేమీ లేదు, నడుం నొప్పి తప్ప.

పసిఫిక్ విమానంలో నాకు సినిమాలు అక్కర్లేదు. ముందు సీటు వెనకాల తెరలో పటం పెట్టుకుని నోటు పుస్తకం తెరిచాను. గేటు వదిలింది 1.05కే, నేల వదిలింది మాత్రం 1.32కి. టికెట్ మీద వేసే సమయం గేటు నుంచి గేటు దాకానట. రన్‌వే దాకా పాకడం, వరసలో ఆగడం అన్నీ అందులోనే కలిపేస్తారు. మనం ఎగిరే సమయం దానికంటే తక్కువే ఉంటుంది.

తైవాన్ దాటాక జపాన్ వైపు పోతుంటే తెర మీద వేగం పెరగడం మొదలైంది. 950, 1,020, 1,090. జపాన్ తూర్పు తీరం వదిలాక ఒకసారి 1,140 చూశాను. ఎత్తు 37,000 అడుగులు, బయట చలి మైనస్ 56. ఆ ఎత్తున శబ్దం వేగం గంటకి దాదాపు 1,060 కిలోమీటర్లు ఉంటుంది. మరి మేము శబ్దాన్ని దాటేశామా? ఢాం అని ఏమీ వినపడలేదే! కాసేపటికి బుర్రలో వెలిగింది. సీతానగరం రేవులో వరదప్పుడు పడవ దిగువకి పోతే గట్టు మీదున్నవాడికి పరుగెత్తినట్టుంటుంది. నీళ్లకి మాత్రం పడవ ఎప్పటిలాగే పోతోంది. ఇక్కడ ప్రవాహం గాలి. గాల్లో విమానం పోయేది 900 చొప్పునే. ఆ గాలే తూర్పుకి 240 చొప్పున పరుగెడుతోంది.

ఇంకోటి గమనించాను. విమానం నా దారాన్ని అనుసరించలేదు. అల్యూషియన్ల దాకా ఎక్కకుండా బాగా కిందుగా, గాలి బలంగా ఉన్నచోటే పోయింది. దూరం కాస్త పెరిగినా గాలి భుజం మీద ఎక్కితే ముందు చేరతాం, చమురూ మిగులుతుంది. పొలం గట్టు మీద అడ్డదారి కంటే రోడ్డెక్కి బస్సు పట్టుకున్నవాడు ముందు పోయినట్టు. మహావృత్తం దూరం చెబుతుంది, దారి చెప్పదు. పటంలో అప్పుడప్పుడూ కోల్డ్ బే, మిడ్‌వే అని చిన్న ఊళ్ల పేర్లు వచ్చేవి. అంత నీళ్ల మధ్య వీటి గొడవ ఎందుకో అనుకున్నాను. రెండు ఇంజన్ల విమానాలకి ఒక ఇంజను ఆగితే రెండోదాంతో ఇన్ని నిమిషాల్లో దిగడానికి ఒక రన్‌వే ఉండి తీరాలని నియమమట. మూడు గంటల లెక్క మామూలు. అలాస్కాలోని కోల్డ్ బే అలాంటి ఆపద్ధర్మపు ఊరు. ఈ సంగతి అల్లుడు తర్వాత చెప్పాడు. ముందే చెప్పకపోవడం మంచిదైంది, మా ఆవిడ ఎక్కేది కాదు.

ఆవిడకి వేరే సమస్య వచ్చిపడింది. శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట. ఒకసారే అన్నం, రాత్రికి పలహారం. హాంకాంగ్ వదిలాక పెట్టిన భోజనం శనివారం లెక్కలో తినేసింది. తర్వాత చీకటి పడింది, మళ్లీ తెల్లారింది. "ఇవాళ ఆదివారమేగా?" అంది. "కాదు, శనివారం పొద్దున" అన్నాను. నన్ను అనుమానంగా చూసి విమానంలో పనిచేసే అమ్మాయిని సైగలతో అడిగింది. ఆ అమ్మాయీ శనివారమే అంది.

చక్రాలు నేలకి తగిలింది 8.42కి, హాంకాంగ్ టైము రాత్రి 12.42. ఎగిరింది సరిగ్గా 11 గంటల 10 నిమిషాలు. గేటుకి అరగంట ముందే చేరాం. ఇమిగ్రేషన్‌లో వేలిముద్రలు, ఎన్నాళ్లుంటారు, ఎవరింట్లో ఉంటారు, అయిపోయింది. ఫ్రీమాంట్‌లో ఇంట్లోకి అడుగు పెట్టేసరికి 11.15. గుంటూరులో అప్పుడు శనివారం అర్ధరాత్రి దాటి ముప్పావు గంట. ఇంటి గడప నుంచి ఇంటి గడపకి 37 గంటల 45 నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది పదహారు గంటలు. అమ్మాయి ముద్దపప్పు, ఆవకాయ, వేడన్నం వడ్డిస్తే మా ఆవిడ చెయ్యి కడుక్కోలేదు. "నా శనివారం అన్నం సముద్రం మీద అయిపోయిందే" అంది. పాపం, రెండు దోసెలతో సరిపెట్టుకుంది.

మనవడికి నా లెక్క అప్పజెప్పాను. గుంటూరు నుంచి ఫ్రీమాంట్‌కి దారం బిగించి పట్టుకుంటే 13,600 కిలోమీటర్లు. ఆ దారం చైనా మీదుగా సైబీరియాలోకి పోయి అలాస్కా మీదుగా దిగుతుంది. మేం వచ్చిన దారి 15,200. వాడు విని, "అయితే 1,600 వేస్ట్ చేశారు తాతయ్యా" అన్నాడు. సర్వేయర్ అయ్యే లక్షణాలున్నాయి.

ఆ గాలి నన్ను వదల్లేదు. ఫ్రీమాంట్ లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను, చదివింది సగమే అర్థమైనా. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. జపాన్‌లో వసాబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 1920లలో బెలూన్లు ఎగరేసి, మేం సర్వేలో కోణాలు కొలిచే థియోడలైట్‌తో వాటిని వెంటాడుతూ చూసి, పైన అంత గాలి ఉందని పట్టుకున్నాడు. థియోడలైట్ పేరు చూడగానే బంధువు కనిపించినట్టైంది నాకు. పాపం ఆయన లోకమంతా చదవాలని 1926లో నివేదికని, అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో అచ్చేశాడు. ఆ భాష చదివేవాళ్లు ఎందరు? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు జపాన్ మీదికి వెళ్లి ఆ గాలిలో చిక్కుకున్నాక గానీ మిగతావాళ్లకి గట్టిగా తెలిసిరాలేదు. అదే యుద్ధంలో జపాన్‌వాళ్లు అదే గాలికి బాంబులు కట్టిన బెలూన్లని వదిలితే కొన్ని నిజంగానే అమెరికా చేరాయి. చలికాలంలో ఆ గాలి మరీ జోరు. ఉత్తరాన చలికీ దక్షిణాన వేడికీ తేడా ఎంత ఎక్కువైతే దానికి అంత బలం.

తిరుగు ప్రయాణం మార్చి 29, శుక్రవారం రాత్రి. ఈలోగా వాళ్లు గడియారాలు గంట ముందుకి తిప్పేశారు కాబట్టి తేడా 16 నుంచి 15కి తగ్గింది. రాత్రి 11.50కి నేల వదిలాం. ఈసారి విమానం గాలికి ఎదురు కదా, దాన్ని తప్పించుకోవడానికి బాగా ఉత్తరానికి, నా దారానికీ పైనుంచి పోయింది. తెర మీద వేగం 760, 790, ఒక్కోసారి 720. చూస్తూంటే ఎడ్లబండిలా అనిపించింది. హాంకాంగ్‌లో దిగేసరికి ఆదివారం ఉదయం 5.10. మొత్తం 14 గంటల 20 నిమిషాలు. అదే రెండు ఊళ్లు, అవే 11,130 కిలోమీటర్లు, 3 గంటల 10 నిమిషాల తేడా!

కుర్చీలో కూర్చుని పడవ-ప్రవాహం లెక్క కట్టాను, ఐదో తరగతిదే. వెళ్లేటప్పుడు సగటు 997, వచ్చేటప్పుడు 776. రెండూ కలిపి సగం చేస్తే విమానం సొంత వేగం 886, తేడాలో సగం గాలి, 110. అటొక దారి, ఇటొక దారి, నెల వేరు, గాలి వేరు, కాబట్టి ఈ లెక్క కచ్చితమని ఏ అధికారి ముందూ సంతకం పెట్టను. అయినా విమానం సొంత వేగం అసలుకి ఇంత దగ్గరగా తేలుతుందనుకోలేదు. సర్వేలో ట్రావర్స్, అంటే రాయి నుంచి రాయికి కొలతలు, కట్టుకుంటూ పోయి బయల్దేరిన రాయి దగ్గరికే వచ్చినప్పుడు జానెడు తేడాతో ముడిపడితే ఉండే సంతోషం ఇది.

హైదరాబాద్ విమానం రాత్రి ఎనిమిదిన్నరకి. అంటే పసిఫిక్ దాటినంత సేపూ మళ్లీ అక్కడే కూర్చోవాలి. మా ఆవిడ వేళ్లు ముడుస్తూ విప్పుతూ ఉంది. "శుక్రవారం రాత్రి ఎక్కాం. ఇప్పుడు ఆదివారం అంటున్నారు. మరి నా శనివారం ఏదీ?" మేము ఎగిరిన పది నిమిషాలకి శనివారం పుట్టింది, ఆరేడు గంటలకి, పసిఫిక్‌ నడుమ రోజు మారే తేదీ రేఖ దాటగానే పోయింది. ఆ మధ్యలో ఆవిడ నిద్రలో ఉంది. మాగెలన్ ఓడ భూమి చుట్టి 1522లో కేప్ వెర్డే చేరినప్పుడు ఓడలోవాళ్ల లెక్కకి బుధవారం, ఒడ్డునున్నవాళ్లకి గురువారం అయిందట. రోజులన్నీ శ్రద్ధగా రాసిపెట్టినా ఒకటి తగ్గింది, ఉపవాసాలు పండగలు అన్నీ ఒకరోజు తప్పి చేశామని బాధపడ్డారు. ఇదంతా చెప్పాను. "వాళ్ల సంగతి నాకెందుకండీ. వెళ్లేటప్పుడు ముప్పై ఏడు గంటల శనివారం చేశాను, దానికీ దీనికీ చెల్లు" అంది.

సంచీలోంచి అమ్మాయి కట్టిచ్చిన పులిహోర డబ్బా తీసింది. మూత సగం తీసి ఆగింది. శుక్రవారం సాయంత్రం కలిపింది, ఇవాళ ఆదివారం, పాడైపోయి ఉంటుందేమోనని. నేను వేళ్ల మీద లెక్క వేశాను. హాంకాంగ్‌లో ఆరు, అక్కడ శనివారం మధ్యాహ్నం మూడు. కలిపి ఇరవై గంటలే. ఆవిడ నా లెక్క వినలేదు, వాసన చూసింది. బాగానే ఉందంది. ఇద్దరం తిన్నాం.